తూచిన ఉప్పు

నాకు నోరు పెద్దదని పోలండ్‌లోని లుబ్లిన్‌లో ఉన్న మా జార్జియా వాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్లకు మా యజమాని తెంగిజ్ చెబుతాడు. ఎనిమిదేళ్లుగా అతని రొట్టెల కొట్లో కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. అంతకు ముందు మా దేశంలో, కుతైసిలో మందుల షాపు నడిపాను కాబట్టి కాగితాలంటే బెదురు లేదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతివాడూ పని అనుమతి ఫారం పట్టుకుని “ఎతేరక్కా” అంటూ నా దగ్గరికే వస్తాడు. నేను నింపుతాను, సలహా చెబుతాను, నాలుగు చీవాట్లు కూడా పెడతాను.

గొప్పకు చెప్పడం లేదు. ఆ సలహాల్లో ఒకటి ముర్మన్ కొంప మీదికి తెచ్చింది.

ముర్మన్ మా బేకర్. నిలువెత్తు మట్టి పొయ్యిలోకి నడుము దాకా వంగి, లోపలి గోడకు పిండి ముద్ద చరిచి, కాలిన రొట్టెను కొక్కెంతో లాగుతాడు. చిన్నప్పుడు మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. అతను సెలవు పెట్టిన రోజు రొట్టె ముట్టుకుని చూసి వెనక్కి వెళ్లిపోయే ముసలమ్మలున్నారు ఈ వీధిలో. నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు అతని ఫారం నేనే నింపాను. ‘ఉద్యోగం’ అన్న గడి దగ్గర ఆగాను. అప్పట్లో అందరిదీ ఒకటే మాట: బేకర్ అని రాస్తే సవాలక్ష ప్రశ్నలు, హెల్పర్ అని రాస్తే రెండు వారాల్లో పని అయిపోతుంది. హెల్పర్ అని రాశాను. ముర్మన్‌కు పోలిష్ అక్షరాలు రావు. నేను వేలు పెట్టిన చోట సంతకం చేశాడు. నిజంగానే రెండు వారాల్లో అనుమతి వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన శరదృతువులో నియమాలు మారాయి. పని అనుమతి సులువుగా దొరికే దేశాల జాబితాలోంచి మా దేశం పేరు తీసేశారు. ఆ రోజు ఫోన్ గ్రూపులో తలోమాట. జర్మనీ పొమ్మని ఒకడు, అందరినీ విమానం ఎక్కిస్తారని ఇంకొకడు. జాజా అని ఒక వెల్డర్ మూడు రోజుల్లో సామాన్లన్నీ ఎవరెవరికో ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోయాడు. తీరా చూస్తే అతని నివాస కార్డు వచ్చే ఏడాది చివరిదాకా చెల్లుతుంది. ఒళ్లు మండి గ్రూపులో రాశాను: “ముందు తేదీ చూడండి, తర్వాత ఏడవండి.” ఆ ముక్క మావాళ్లలో సామెత అయి కూర్చుంది.

ముర్మన్ తేదీ చూశాను. ఫిబ్రవరి ఆఖరు. భార్య నెస్తాన్ కార్డు, మూడో క్లాసు చదివే కూతురి కార్డు అతని కార్డును పట్టుకునే ఉన్నాయి. అతనిది పోతే ముగ్గురూ పోవలసిందే.

లాయరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ కాగితాలన్నీ చూసి తల అడ్డంగా ఊపింది.

“హెల్పర్‌గా అడిగితే కష్టమండీ. ఆ పనికి ఇక్కడివాళ్లు దొరకరా అంటారు. పని తెలిసినవాడని రుజువుంటే గట్టిగా అడగొచ్చు. చేతిపనుల సంఘం పరీక్ష పెడుతుంది, రాయించండి.”

“పరీక్ష దేనికమ్మా, నాలుగేళ్లుగా రొట్టెలు కాలుస్తుంటే?” అన్నాను.

“కాగితం ప్రకారం ఈయన నాలుగేళ్లూ గిన్నెలు కడిగారు. కాగితంలో లేని పని చేయడం నేరం. మీరిప్పుడన్న మాట నేను వినలేదు, ఇంకెక్కడా అనకండి.”

బయటికి వచ్చాక ముర్మన్ అడిగాడు. “హెల్పర్ అని ఎవరు రాశారక్కా?”

“ఆ గడి ఒక్కటీ తెంగిజ్ నింపాడు” అన్నాను. అబద్ధం. తెంగిజ్ ఆ ఫారం వంక చూడనైనా చూడలేదు. ఇంత పెద్ద నోరున్న నాకు నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. బస్సు కోసం నిలబడినంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కింది నేను కాబట్టి కడగాల్సింది కూడా నేనే అనుకున్నాను.

జార్జియాలో, ఖషూరిలో అతను ముందు పనిచేసిన బేకరీ నుంచి అనుభవం కాగితం తెప్పించి, పరీక్షకు పేరు రాయించాను. అసలు చిక్కు తర్వాత తెలిసింది. పరీక్షలో కరెంటు ఓవెన్. ప్రతిదీ కాటా మీద తూచాలి. ముర్మన్ పుట్టి బుద్ధెరిగాక పిండి తూచలేదు, నీళ్లు కొలవలేదు. అన్నిటికీ చెయ్యే కొలత.

మా ఎదురుగా వియెస్వావా గారి బేకరీ ఉంది. మేం వచ్చాక గిరాకీ తగ్గిందని ఆవిడ ఎనిమిదేళ్లుగా నాతో మాట్లాడదు. మధ్యాహ్నం తర్వాత ఆవిడ ఓవెన్లు ఖాళీగా ఉంటాయి. ఏప్రన్ విప్పి వీధి దాటాను.

“నా గిరాకీ పట్టుకుపోయినవాడికి నేనే పాఠాలు చెప్పాలా?” అంది ఆవిడ.

“అవునండీ.”

“సిగ్గు లేదా మీకు?”

“ఫిబ్రవరి దాకా లేదు. ఆ తర్వాత పడతాను.”

ఆవిడ బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచింది. తర్వాత, “ఐర్లండ్ వెళ్లి డబ్లిన్‌లో తొమ్మిదేళ్లున్నాను” అంది. “ఇక్కడ బేకరీ నడిపి వెళ్లినదాన్ని, అక్కడ ట్రేలు కడిగించారు. ఇంగ్లిష్ రాదుగా. రేపు ఒంటిగంటకు పంపండి. ఆ మీసం కత్తిరించుకోమనండి.”

పదిహేను రోజులు నేర్పింది. నవంబర్‌లో పరీక్ష. ముర్మన్ పిండి తూచాడు, నీళ్లు కొలిచాడు, ఈస్ట్ తూచాడు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటది డబ్బాలోకి వెళ్లి, పిడికెడు తీసి పిండిలో వేసేసింది. ఇరవయ్యేళ్ల అలవాటు. పరీక్షకులు రొట్టె తిని బాగుందన్నారు. బాగుందని చెప్పే ఫెయిల్ చేశారు.

ముర్మన్ కొట్టుకు వచ్చి పిండి బస్తా మీద కూలబడ్డాడు. “నా వల్ల కాదక్కా. నెస్తాన్‌తో చెప్పేస్తా, సర్దుకుంటాం.”

“ఏం సర్దుతావురా, నీ మొహం! జనవరిలో మళ్లీ పెడుతున్నారు.”

“అదే ఉప్పు మళ్లీ వేస్తా.”

“వెయ్యి. ఫిబ్రవరిలో పెడితే ఫిబ్రవరిలో కూడా వెయ్యి. కార్డు చెల్లినంత కాలం నిన్ను పంపిస్తూనే ఉంటా” అన్నాను. ఆ నాలుగేళ్లూ బేకర్ అని కాగితంలో ఉండి ఉంటే అతనికి ఈ పరీక్షే అక్కర్లేకపోయేది.

మర్నాడు వియెస్వావా గారు ఓవెన్ దగ్గర వాడే మందపాటి తొడుగు తెచ్చి ముర్మన్ కుడిచేతికి తొడిగింది.

“దీంతో ఉప్పు తీయి.”

“ఎలా తీస్తానండీ, వేళ్లు ముడవట్లేదు.”

“అందుకే తొడిగాను. ఎడంచేత్తో చెంచా పట్టుకో.”

డిసెంబరంతా అదే వరస. అతను విసుక్కునేవాడు, ఆవిడ కసిరేది. ఒకరోజు కాటా మీద ముప్ఫై ఆరు గ్రాములు వచ్చేదాకా పదకొండుసార్లు పోయించింది. క్రిస్మస్ ముందు రోజు మాత్రం తొడుగు తీసేసి, “ఇప్పుడు మీ షోతి రొట్టె ఎలా చరుస్తారో నాకు చూపించు” అని మా కొట్టుకు వచ్చింది. పొయ్యిలోకి వంగి, వేడికి రెండు కనుబొమలూ కాల్చుకుంది. అంత నవ్వు ఆ కొట్లో అంతకు ముందు వినలేదు.

జనవరి పరీక్షలో ముర్మన్ కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఎడంచేత్తో ఉప్పు తూచాడట. పరీక్షకుల్లో ఒకాయన, చేతికేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడట. “లేదండీ, దాని మీద నమ్మకం లేదు” అన్నాడట మావాడు.

ఫిబ్రవరి పదిహేడున సర్టిఫికెట్ వచ్చింది. ఆ మధ్యాహ్నమే కొట్టు మూసి, బల్ల మీద కొత్త ఫారం పరిచాను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా నింపాను. ‘ఉద్యోగం’ గడి దగ్గరికి రాగానే ముర్మన్ చెయ్యి చాపాడు.

“పెన్ను ఇటివ్వక్కా.”

“నీకు వాళ్ల అక్షరాలు రావు కదరా.”

“పాప నేర్పించింది. పోయినసారి ఈ గడి నువ్వు రాశావుగా, ఈసారి నేను రాస్తా.”

పెన్ను వదల్లేదు. “నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? రోజూ రేట్ల బోర్డు రాసేది నువ్వేగా. చదవడం రాకపోయినా నీ రాత తెలీదా? లాయరమ్మ బల్ల మీద ఆ గడి చూడగానే పోల్చుకున్నా.”

“మరి బయటికి రాగానే నన్నెందుకు అడిగావు?”

“చెబుతావేమోనని.”

పెన్ను అతని చేతిలో పెట్టాను. అతను బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరమే పెట్టాడు. పోలిష్‌లో ఏడక్షరాల ఆ మాటకు పొయ్యి వెలిగించినంత సేపు పట్టింది. పెన్ను ఎంత నొక్కి పెట్టాడంటే, ఫారం తిరగేస్తే ‘బేకర్’ అన్న ఆ మాట వేలికి తగిలింది.

“తప్పంతా నాదేరా ముర్మన్” అన్నాను. కళ్లు నిండిపోయి గడులు కనబడలేదు. “నాలుగేళ్ల నీ కష్టాన్ని ఒక్క మాటతో చెరిపేశాను. క్షమించు.”

ముర్మన్ ఫారం నా ముందుకు తోశాడు.

“ముందు తేదీ చూడు. తర్వాత ఏడువు.”

చూశాను. కార్డుకు ఇంకా పదకొండు రోజుల గడువుంది. ముక్కు తుడుచుకుని, ప్రతి కాగితానికీ రెండేసి నకళ్లు తీశాను. ఇద్దరం కోట్లు తొడుక్కుని పోస్టాఫీసుకు బయలుదేరాం.