టర్కీ వాగుకు ఇవతల ఎరుపు

మా ఆయన వెల్డన్‌కి ఎరుపు కనిపించదు. పుట్టుకతోనే అంత. ఎర్ర చొక్కా ఆయన కంటికి బురదరంగు, ఎర్ర దీపం దాదాపు చీకటి. నలభై ఒక్క ఏళ్ళుగా ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రోడ్డు మీద సిగ్నల్లో పైదీపం వెలిగిందా, కిందదా అని చూసి బండి ఆపుతాడు. చర్చికి వెళ్ళే రోజు టై నేనే తీసిస్తాను. పదిమందికీ తెలిస్తే కొంప మునుగుతుందన్నట్టు దాచుకుంటూ వచ్చాడు. మగవాళ్ళ పరువు ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ మే నెలలో వేరుశనగ విత్తాం. మూడోనాడు పొద్దున చూస్తే పన్నెండు సాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరగేసి ఉన్నాయి. అడవిపందులు సాలు వెంబడే నడిచి ఒక్కో గింజా ఏరుకు తిన్నాయి. మళ్ళీ విత్తాం, మళ్ళీ తిన్నాయి. టెక్సస్‌లో మా వైపు జూన్ దాటాక విత్తి లాభం లేదు.

మా పొలానికి హద్దు టర్కీ వాగు. దాని అవతలి పొలం డబ్‌ది. అతనూ వెల్డనూ ఒకే బడిలో చదువుకున్నారు, అరవై దాటినా ఒరే అంటే ఒరే అనుకుంటారు. పందుల వేటకి మావాళ్ళలో ఒక కట్టుబాటుంది. పక్కపక్క పొలాలవాళ్ళు ఒకే రాత్రి తుపాకులతో దిగితే, తుపాకీకి బిగించే లైటు రంగు ఎవరిది వాళ్ళకి విడిగా ఉండాలి, చీకట్లో ఎవరెక్కడున్నారో తెలిసేలా. డబ్, అతని తమ్ముడు క్లీట్ మూడేళ్ళుగా ఆకుపచ్చ వాడుతున్నారు, దూరం బాగా ఆనుతుందని. ఇక ఇవతల మాకు మిగిలింది ఎరుపు.

దాణా కొట్లో ఆ లైటు వెల్డన్ చేతిలో పెట్టింది కూడా ఆ డబ్.

"ఎరుపు తీసుకోరా. పంది కంటికి ఎరుపు ఆనదు. ఇరవై గజాల్లోకి వెళ్ళినా తలెత్తకుండా మేస్తుంది."

తెల్లది తీసుకుంటే పోలేదా అన్నాను నేను, ఏమీ ఎరగనట్టు. "తెల్లలైటు వేశావంటే వదినా, నీ పందులు పక్క జిల్లాలో తేలతాయి" అని డబ్ నవ్వాడు. వెల్డన్ లైటుని అటూ ఇటూ తిప్పి, ఎరుపే ఇమ్మన్నాడు. ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా కొట్టం వెనక చూసుకున్నాం. ఎనభై అడుగుల దూరంలో ఒక దాణా సంచి పెట్టి, దాని పక్కన దూడని కట్టేశాను. లైటు వేసి చాలాసేపు చూశాడు. సంచి కుడివైపున ఉందన్నాడు. కుడివైపున ఉన్నది దూడ. డబ్‌కి చెప్పమని, రంగులు మార్చుకోమని బతిమాలాను.

"నలభై ఏళ్ళు నోరు మూసుకున్నావు. ఇప్పుడు మూసుకోలేవా?" అన్నాడు.

ఆ రాత్రి వెళ్ళొచ్చి పందులు రాలేదన్నాడు. పొద్దున చూస్తే ఇంకో ఇరవై సాళ్ళు పోయాయి. టిఫిన్ ముందు కూర్చుని ముట్టుకోనైనా లేదు. ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

లైటు పెట్టెలో మర తిప్పి బిగించే రంగు అద్దాలు మూడొచ్చాయి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఎర్రది విప్పి ఆకుపచ్చది బిగించాను. కట్టుబాటు గుర్తులేక కాదు. ఒక్కో స్కూలు జట్టుకి ఒక్కో రంగు చొక్కా ఉన్నట్టు, ఇదీ మగవాళ్ళ ముచ్చట అనుకున్నాను. వాగు దాటి ఎవరొస్తారులే అనుకున్నాను.

ఆ రాత్రే రెండు పందుల్ని పడగొట్టాడు. వారం తిరిగేసరికి ఏడు. డబ్ వాళ్ళు గడ్డికోతల్లో మునిగి ఆ వారం వేటకి దిగలేదు, కాబట్టి ఎవరూ చూడలేదు. వెల్డన్ ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడు. ఊళ్ళో కాఫీ తాగేచోట ఎర్రలైటుని మించింది లేదని అందరికీ చెప్పాడట. నేను లోలోపల మురిసిపోయాను, నా తెలివికి నేనే.

శనివారం రాత్రి భోజనాల దగ్గర, ఇవాళ డబ్ వాళ్ళు కూడా దిగుతున్నారన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఈల వేస్తున్న మనిషి నోరు ఎలా మూయించను? గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయాను.

ఏం జరిగిందో తర్వాత క్లీట్ నోటనే విన్నాను. పందుల జాడ పట్టుకుని క్లీట్ ముందుకు వెళ్ళిపోయాడు. డబ్‌కి వాగు మలుపు దగ్గర ఆకుపచ్చ వెలుగు కనబడింది. పందుల వెంట తమ్ముడే వాగు దాటాడనుకున్నాడు. పందులు బెదరకుండా తన లైటు ఆర్పి, మోకాలిలోతు నీళ్ళు దాటి, వంగి గడ్డిలోంచి నడిచాడు. గడ్డిలో ఏదో నల్లగా కదలడం వెల్డన్ చూశాడు. ఇవతలి గట్టున మనిషి ఉండడని ఆయన ధీమా. ఒక్కటే కాల్చాడు. గుండు డబ్ తొడ ఎముకలోంచి దూసుకుపోయింది. ప్రాణానికి భయం లేదు, కాలు నిలుస్తుందో లేదో తెలియదన్నారు డాక్టర్లు.

ఆసుపత్రి వసారాలో క్లీట్ వెల్డన్ మీదికి వచ్చాడు. మా రంగు వేసుకుని కూర్చుని మా అన్నని పిలిచి కాల్చావు అన్నాడు. ఎరుపే వేశానని వెల్డన్. అక్కడున్న పోలీసు, షెరీఫ్ మనిషి ఒకాయన, కవరులో పెట్టి తెచ్చిన ఆ లైటు తీసి గోడ మీదికి వేశాడు. గోడంతా ఆకుపచ్చగా అయింది.

"ఇదేం రంగండీ?"

వెల్డన్ చూశాడు. "ఎరుపు."

"ఇంకా అబద్ధమేనా?" అన్నాడు క్లీట్.

వెల్డన్ నావైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో నా మీద అనుమానం రవ్వంత కూడా లేదు. "నువ్వు చెప్పవే, నెల్డా. ఎరుపే కదా?"

చెప్పాను. ఆయన కళ్ళ సంగతి, అద్దం సంగతి, అన్నీ, అందరి ముందూ. షెరీఫ్ మనిషి రాసుకున్నాడు. క్లీట్ కుర్చీలో కూలబడ్డాడు. వెల్డన్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

తెల్లారాక ఇంటికి పంపించారు. బండి తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సగం దారి వచ్చాం.

"ఈ వారమంతా అంత బాగా కనబడుతుంటే, ఎరుపంటే ఇదన్నమాట అనుకున్నానే" అన్నాడు. "నీకు చెబుదామనుకున్నాను. నవ్వుతావేమోనని ఊరుకున్నాను."