దుంగ మీద పట్టుచీర

ఎరువుల గోతాంతో కుట్టిన చేతిసంచిలో సోములమ్మ ఒక్కొక్కటే సర్దుతోంది. దువ్వెన, ఆముదం సీసా, పాత తువ్వాలు. ఆడబిడ్డ స్వర్ణ విశాఖపట్నం వెళుతోంది. ఉగాదికి అక్కడ పెద్ద హాల్లో, కాఫీ కొనే కంపెనీ వాళ్ల ముందు, తోట యజమాని సర్వేశ్వరరావు ఆమెకు సన్మానం చేయిస్తాడట. ఉత్తమ కూలీ అట. పట్టుచీర ఇస్తారట, శాలువా కప్పుతారట, ఫొటో తీస్తారట. ఒక్కో మాటకీ సోములమ్మ కడుపు మండిపోతోంది.

"వదినా, నాకు మంచి రవిక నేదే. నీ ఆకుపచ్చది ఇయ్యవా?"

పెళ్లప్పటి నుంచి దాచుకున్న ఒకే ఒక్క మంచి రవిక అది.

"సన్మానం నీకే, రవికా నీకేనేటే గుంటా?" అంటూనే సోములమ్మ దాన్ని తీసి, నలిగితే నలగనీ అన్నట్టు సంచి అడుక్కి కుక్కింది.

"పోన్లే వదినా, నీ రవిక్కి కూడా సన్మానమే," అని స్వర్ణ నవ్వింది.

జీపు వచ్చింది. మేస్త్రి మల్లేశు స్వర్ణను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వాళ్ల గూడెం పనసగుడలో ఆడవాళ్లెవరూ ఎన్నడూ కూర్చోని సీటు అది. స్వర్ణ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. సోములమ్మ ఊపలేదు.

స్వర్ణ వెళ్లడానికి కొద్ది రోజుల ముందే, కాఫీ తోట నీడచెట్లకు పాకిన మిరియాలు కోస్తూ తోటి కూలీ సుక్రు చెట్టు మీంచి పడిపోయాడు. ఆ తోటలో నిచ్చెనంటే ఒంటి వెదురు బొంగు. కణుపుల మీద కాలివేళ్లు ఆనించి ఎక్కాలి. మంచుకు తడిసిన బొంగు జారింది, సుక్రు నడుం విరిగింది. పెద్దాసుపత్రికి తీసుకెళితే లేస్తాడు, ఆలస్యమైతే ఇక లేవడు అని గూడేనికొచ్చే నర్సు చెప్పింది. తోటలో జీపు ఉంది, డ్రైవరూ ఉన్నాడు. "అది అతిథుల బండి," అన్నాడు సర్వేశ్వరరావు. సుక్రును డోలీ కట్టి ఇంటికే మోసుకెళ్లారు.

ఆ రోజు ఆడకూలీలంతా బుట్టలు బోర్లించి కూర్చున్నారు. సుక్రు ఆసుపత్రికి వెళ్లేదాకా కోత లేదన్నారు. ఆ మాట మొదట అన్నది స్వర్ణే. యజమాని కోప్పడలేదు. మర్నాడు మిఠాయిలు తెచ్చి అందరికీ పంచాడు. "కష్టపడేవాళ్లని గుర్తించడమే నాకు పండగ," అంటూ స్వర్ణ పేరు చెప్పాడు. "వచ్చే ఏడు మరొకరికి. ఎవరికో చూద్దాం."

ఆ మాట చాలింది. బోర్లించిన బుట్టలు లేచాయి. పక్కపక్కన పాడుకుంటూ కోసేవాళ్లు ఎడంగా జరిగారు. గుత్తులు నిండుగా ఉన్న తీగ కనబడితే ఒకరినొకరు పిలుచుకోవడం మానేశారు. సోములమ్మ అందరికంటే ముందు తోటకు పరిగెత్తేది. సుక్రు ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది. ఒక్క కుండలో గంజి తాగే మనుషుల్ని విడదీయడానికి లాఠీ ఎందుకు? ఒక చీర చాలదూ!

"స్వర్ణ అమ్ముడైపోనాదే," అంది చిన్నమ్మలు.

"ఎప్పుడో అయిపోనాది," అంది సోములమ్మ. అలా అంటే ఆమెకు కాస్త హాయిగా ఉంది.

ఉగాది వెళ్లాక కొండవాళ్ల వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు విల్లంబులతో అడవికి వేటకెళ్లారు. ఆడవాళ్లు ఆనవాయితీగా రోడ్డుకు అడ్డంగా దుంగ వేశారు. ఆ దారిన వచ్చిన బండి ఎవరిదైనా సరే, పజోరు, అంటే పండగ మామూలు, ఇస్తేనే దుంగ లేస్తుంది.

యజమాని జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లో ఇద్దరు కంపెనీ అతిథులు, ముందు సీట్లో ఒళ్లో సంచితో స్వర్ణ.

"ఓలమ్మో, దొరసానమ్మ వచ్చీసినాది!" అని చిన్నమ్మలు చప్పట్లు కొట్టింది.

"కిందకి దిగితే పాదాలు మాసిపోతాయి కాబోలు," అంది సోములమ్మ. "పజోరియ్యే, నేకపోతే అక్కడే కూకో."

సర్వేశ్వరరావు నవ్వుతూ జేబులోంచి నోటు తీశాడు. అతిథులు కెమెరా తీశారు. స్వర్ణ మాత్రం దిగి నడుచుకుంటూ వచ్చింది. సంచిలోంచి పట్టుచీర తీసి దుంగ మీద పరిచింది.

"ఇదే నా పజోరు. మైకిచ్చి మాటాడమన్నారు వదినా. సుక్రు సంగతే సెప్పినాను. నడుమిరిగి పడున్నాడు, ఈ బాబు జీపియ్యనేదు అని మన కొండబాసలోనే సెప్పినాను. అందరూ సప్పట్లు కొట్టినారు."

"సప్పట్లా?" అంది సుక్రు భార్య గంగ.

"ఆళ్లు అర్థం కాక కొట్టినారు. ఈ బాబు అర్థమయ్యీ కొట్టినాడు."

సోములమ్మ చీరను పక్కకు నెట్టి దుంగ మీద కూర్చుంది.

"బాబూ, ఈ ఏడు మాకు నోట్లొద్దు. జీపే పజోరు. సుక్రుని ఎక్కించుకుని బేగి పెద్దాసుపత్రికెళ్లాల. అప్పుడే దుంగ లెగుత్తాది."

గంగ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత చిన్నమ్మలు. తర్వాత అందరూ.

సర్వేశ్వరరావు సోములమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు సన్మానం నీకే అనుకున్నానే సోములూ."

ఒక్క క్షణం ఆమె గుండె పొంగింది. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

"అయితే ఈయేడే ఇచ్చీయండి బాబూ," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "జీపియ్యండి."

వేటకెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. "ఏటే ఇది?" అన్నాడు ఆమె మొగుడు గాసి.

"మీకు పిట్టయినా దొరకనేదు. మాకు జీపు దొరికినాది."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. చాలా రోజుల తర్వాత అందరూ కలిసి నవ్విన నవ్వు అది. మగవాళ్లు కూడా విల్లంబులు పక్కన పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు. అతిథులు దిగి తోటకు నడిచి వెళ్లిపోయారు. చివరికి సర్వేశ్వరరావు డ్రైవరుకు తల ఊపక తప్పలేదు. పొద్దు వాలేలోగా సుక్రు వెనక సీట్లో పడుకుని, గంగ ఒళ్లో తలపెట్టుకుని, కొండ దిగాడు. దుంగ లేచింది.

మర్నాడు పోలీసులు వచ్చారు. ఆయుధాలతో దారి కాసి జీపు దోచుకున్నారని కేసు.

"నాయకురాలు ఎవరే?"

"నానే," అంది సోములమ్మ.

"అది కాదు, నాను," అంది చిన్నమ్మలు. నేనంటే నేనంటూ గుడ గుడంతా ముందుకొచ్చింది.

ఎస్సై జేబులోంచి ఫొటో తీశాడు. శాలువా కప్పుకుని నవ్వుతున్న స్వర్ణ. యజమాని ఇచ్చిన సన్మానం ఫొటో. ఆమెనే వ్యాను ఎక్కించారు.

"సన్మానమూ దానికే, జైలూ దానికేనా? నన్నూ ఎక్కించండి!" అని సోములమ్మ వ్యాను తలుపు పట్టుకుంది. ఆమెను కిందికి తోసేశారు. లేచి ఇంట్లోకి పరిగెత్తి అదే సంచి సర్దింది. దువ్వెన, ఆముదం సీసా, తువ్వాలు. ఆకుపచ్చ రవికను మడత నలగకుండా పైన పెట్టింది. సంచిని వ్యానులో పడేసి, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. కిటికీకి ఇనుప వల ఉంది. స్వర్ణకు కనబడిందో లేదో.

దసరా నాటికి సుక్రు కర్ర పట్టుకుని నడిచాడు. మరుసటి చైత్రంలో యజమాని పెట్టెల నిండా చీరలు తెచ్చాడు, ఈసారి ఇంటికొకటి. ఒక్కరూ ముట్టుకోలేదు. ఒంటి బొంగు ఎక్కం, రెండు కాళ్ల నిచ్చెనలు కావాలన్నారు. రోడ్డు మీద మళ్లీ దుంగ పడింది. ఆ ఏడు పక్క తోటల వాళ్లూ వచ్చి కూర్చున్నారు.

సంచి ఇంటికి వచ్చింది. రవికా వచ్చింది. స్వర్ణ రాలేదు. ఆ ఏడే, రెండు వేల రెండు శ్రావణ మాసంలో, జైల్లో జ్వరంతో చనిపోయింది.