ఎర్ర స్విచ్

ఎమీల్ తాళం తీసేసరికి ఇంట్లోని చలి బయటి చలికన్నా ఘోరంగా ముఖాన కొట్టింది. జనవరిలో వారం రోజులు కూతురింట్లో గడిపి, అతనూ భార్య లొరెయిన్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న సొంతింటికి వచ్చారు. వంటింట్లో నీళ్లు గడ్డకట్టి పైపులు నిలువునా పగిలిపోయాయి.

ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ ఒకటి మొరాయిస్తే రెండోది ఇంటిని కాపాడుతుందని ఏరికోరి రెండు పెట్టుకున్నాడు. వాటికి ఆయిల్ ఊరెళ్లే ముందే నింపించాడు. రెండూ ఒక్కసారే ఎలా ఆగాయి?

నేలమాళిగ తలుపు పక్కన రెండు స్విచ్‌లున్నాయి. తెల్లది కింద లైటుది. ప్రమాదమొస్తే బాయిలర్ ఆపడానికి పెట్టిన ఎర్రది ఆపేసి ఉంది.

"దీన్నెవరు ఆపారు?"

"నేనే అయ్యుంటాను. కింద లైటు ఆపు, ఆపు అని ప్రాణం తోడేశావుగా. చేతుల్లో సంచులు, మోచేత్తో నొక్కేశాను. అయినా ఇది ఒకదానిదే కదా, రెండోదానికేం రోగం?"

ఇంకో తీగ లాగడానికి బద్ధకించి, రెండో బాయిలర్‌నూ ఆ స్విచ్‌కే కలిపింది ఎమీలే. ఒక్క నొక్కుతో రెండూ ఆగుతాయని బావమరిది దగ్గర గొప్పలు కూడా పోయాడు.

"నిన్నే, చెప్పవేం?"

ఆమె ముఖం చూడలేక నేలమాళిగ తలుపు తెరిచాడు. కింద లైటు వెలుగుతూనే ఉంది.