ఒక్క క్రియకి నాలుగు గొంతులు

"జొరే ఫిని," అంది సిస్టరు.

అంతే, ఆగిపోయింది.

బల్లకి అవతల కూర్చున్న ఓడ డాక్టరమ్మ కాగితాల మీంచి తలెత్తింది. "ఊఁ, తర్వాత?"

తర్వాతిది రాదా అంటే భేషుగ్గా వచ్చు. గాఢనిద్రలో తట్టిలేపి అడిగినా వచ్చు. కానీ నోరు పెగలడం లేదు. ఎందుకంటే ఆ తర్వాతి ముక్క ఆమెది కాదు. ఆమె మొగుడిది!

ఈ తిరకాసు తెలియాలంటే ఒకసారి వాళ్ళ వంటగదిలోకి తొంగిచూసి రావాలి.

రేవు రేవుకీ తిరుగుతూ గ్రహణమొర్రి పిల్లలకి ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఓడ ఒకటుంది. కిందటేడు ఆ ఓడ ఇక్కడ లంగరేసినప్పుడు ఊళ్ళో ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా ఉన్న సిస్టర్ని కొన్నాళ్ళు సాయం పంపించారు. ఒక పసిదాని కట్టు విప్పే రోజున, అద్దంలో తన మూతి తనే చూసుకుని ఆ పిల్ల కిలకిలా నవ్విన నవ్వు ఆమె చెవుల్లో ఉండిపోయింది. చేస్తే ఆ ఓడలోనే చెయ్యాలి ఉద్యోగం అనుకుంది. అయితే రెండు అడ్డంకులు. ఓడలో పనంతా ఫ్రెంచిలో జరుగుతుంది. రెండోది, నలభై అయిదు నిండితే కొత్తవాళ్ళని తీసుకోరు. ఆమెకి వచ్చే నెలలో నిండుతాయి. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది.

ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టాక మాటలు గబగబా పట్టుబడ్డాయి. ఒక్కచోట మాత్రం బండి బురదలో దిగబడింది. రేపు ఫలానా వేళకల్లా ఫలానా పని పూర్తయిపోయి ఉంటుంది అని చెప్పే క్రియారూపాలు. నేను, నువ్వు, ఆమె, మనం, మీరు, వాళ్ళు... ఒక్కొక్కరికీ ఒక్కో తోక.

"ఇందులో బ్రహ్మవిద్యేముందమ్మాయ్?" అన్నారు అత్తగారు. "మీరు లేచేసరికి ఇడ్డెన పాత్ర తోమేసి ఉంటానత్తయ్యా అని రోజూ నువ్వనేదే కదా! తోమవనుకో, అది వేరే సంగతి."

"ఇడ్లీ పాత్రని ఎలా తోముతుంది నానమ్మా, అందులో నువ్వు నీ మందుల సీసాలు పెట్టుకుంటేను," అంది కూతురు.

ఉపాయం చెప్పింది మొగుడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "అంత బరువు ఒక్కదానివే ఎందుకు మొయ్యడం? తలా ఓ చెయ్యి వేద్దాం," అన్నాడు. పంపకాలు అక్కడికక్కడే జరిగిపోయాయి. 'నేను' సిస్టరుకి. 'నువ్వు' మొగుడికి. 'ఆమె', 'వాళ్ళు' కూతురికి. ఇంట్లో ఏ మాటైనా మనం అనే మొదలుపెట్టే అత్తగారికి 'మనం', 'మీరు'.

షరతు అత్తగారు పెట్టారు. "తడబడితే అంట్లు తోమాలి. పక్కవాళ్ళ ముక్క లాక్కున్నా తోమాలి. నోటి దురద ఉన్నవాళ్ళు ముందే చెప్పండి."

అలా రోజూ కాఫీ గ్లాసులు చేతుల్లో పట్టుకుని నలుగురూ చుట్టూ కూర్చునేవారు. నేను ముగించేసి ఉంటాను అనడానికి జొరే ఫిని అని ఆమె అందుకోగానే, నువ్వు ముగించేసి ఉంటావు అనడానికి త్యు ఒరా ఫిని అని మొగుడు, వెంటనే కూతురు, ఆ వెనకే అత్తగారు. ఆగకుండా తిరిగే రంగులరాట్నంలా క్రియ వెనక క్రియ. ఎంత జోరుగా తిరిగిందంటే, ఆ రాట్నంలో తను ఒక్క బొమ్మనే ఎక్కి కూర్చుందన్న సంగతి సిస్టరుకి తట్టనే లేదు. ఇదిగో, ఇప్పుడు ఈ పరీక్ష గదిలో తట్టింది.

"సిస్టర్, ఒంట్లో బాగానే ఉందా?" డాక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. ఆవిడకి మన మాట శుభ్రంగా వచ్చు. "చీటీలో ఉన్న క్రియకి అన్ని రూపాలూ మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. కాస్త గట్టిగా."

సిస్టరు గొంతు సవరించుకుంది. ఊపిరి పీల్చుకుని, వార్డులో ఆ చివరి మంచానికి వినబడేంత గట్టిగా అంది.

"జొరే ఫిని!"

మళ్ళీ అదే గోడ.

అప్పుడు, తలుపు మీదున్న వెంటిలేటర్లోంచి, ఇంజను మోతని అణచి మాట్లాడ్డం అలవాటైన గొంతొకటి ఖంగుమంది.

"త్యు ఒరా ఫిని!"

"ఎల్ ఒరా ఫిని!" దాని తోక పట్టుకుని పడుచు గొంతు.

"నూ జొరోఁ ఫిని, వూ జొరే ఫిని," నిమ్మళంగా, మందు మింగినంత శ్రద్ధగా ముసలి గొంతు.

"ఎల్ జొరోఁ ఫి..." అని సగంలో తెగింది. ఎవరో ఎవరి నోరో నొక్కేశారు.

సిస్టరు కళ్ళు మూసుకుంది. కొంప మునిగింది! బయట బెంచీ మీద కూర్చోమంటే కూర్చున్నారు గానీ, నోళ్ళకి అలవాటు కదా! ఆమె మొదలుపెట్టిందంటే అవి ఆగవు.

డాక్టరమ్మ లేచింది. తలుపు తెరిచింది. బెంచీ మీద ముగ్గురు, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయి ఉన్నారు. డ్రైవరు చెయ్యి ఇంకా కూతురి మూతి మీదే ఉంది.

"అందిస్తున్నారా?" డాక్టరమ్మ గొంతులో వెచ్చదనం పోయింది. "బయటి నుంచి ఎవరైనా అందిస్తే పరీక్ష రద్దు చెయ్యాలి. గోడ మీద రాసే ఉంది, చదివారా?"

"అందించడం కాదు మేడమ్!" డ్రైవరు లేచి నిలబడ్డాడు. "నా వంతు వచ్చింది, అన్నాను. అంతే. అనకపోతే అంట్లు..."

"అంట్లేంటి?"

"వాడికి చెప్పడం రాదు గానీ అమ్మా, నే చెప్తా వినండి," అత్తగారు అడ్డొచ్చారు. "తప్పంతా నాది. షరతు పెట్టింది నేను. మా కోడలికి అంతా వచ్చు. మీకు శిక్ష వెయ్యాలనుంటే మమ్మల్ని వీధిలోకి తరమండి. దాన్ని మాత్రం ఏమీ అనకండి."

"వీధిలోకి కాదు, మెట్ల దాకా వెళ్ళండి చాలు." డాక్టరమ్మ తలుపేసి గడియ పెట్టింది. వెంటిలేటరు తాడు లాగింది. టప్‌మని మూసుకుంది అది.

"సిస్టర్, నిజం చెప్పాలి. ఓడ థియేటర్లో మీ పక్కన ఎవరూ ఉండరు. ఆయన ఉండరు, అత్తగారు ఉండరు. రాత్రివేళ పిల్లకి ఊపిరి ఆడకపోతే, సగం వాక్యం చెప్పి ఎవరి మొహం చూస్తారు మీరు?"

మాట సూదిలా దిగింది. దిగాల్సిన చోటే దిగింది.

సిస్టరు చీటీ మీదున్న క్రియ వంక చూసింది. ఒంటరిగా, ఏ పనీ లేకుండా పడుంది అది. ఎవరు ముగించి ఉంటారు? ఏం ముగించి ఉంటారు? ఎవరికోసం? ఇన్నాళ్ళూ ఒక్కసారీ అడగలేదు ఆ ప్రశ్న. తిప్పిందే తిప్పింది.

చీటీని బోర్లా తిప్పి పక్కకి నెట్టేసింది. లేచి నిలబడింది. వార్డులో ఆమె ఏనాడూ కూర్చుని మాట్లాడింది లేదు.

"మీకు నా వార్డు ఒప్పజెప్తాను డాక్టర్. రేపు పొద్దున రౌండ్లకి మీరొచ్చేసరికి ఏమేం అయిపోయి ఉంటాయో మంచం మంచానికీ చెప్తాను. ఫ్రెంచిలో. వింటారా?"

డాక్టరమ్మ ఒక క్షణం ఆలోచించింది. పెన్ను మూత తీసింది. "కానివ్వండి."

సిస్టరు ఎడమచేతి వైపు చూపించింది. అక్కడ ఖాళీ గోడే ఉంది. ఆమెకి మాత్రం మంచం కనబడింది. ఈ బాబుకి జ్వరం. మీరొచ్చేలోపు నేను మందు ఇచ్చేసి ఉంటాను. మీరు చీటీ మీద సంతకం పెట్టేసి ఉంటారు. పక్క మంచం పాప, పెదవికి కుట్లు. లా ప్తిత్ ఒరా దోర్మి, పాప హాయిగా నిద్రపోయి ఉంటుంది. మేము కట్టు మార్చేసి ఉంటాం. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చేసి ఉంటారు, వాళ్ళని బయటే కూర్చోబెట్టండి, ఏడిస్తే పిల్ల ఏడుస్తుంది, ఏడిస్తే కుట్లు లాగుతాయి.

మాట మాటని లాక్కొస్తోంది. నేను పోయి మీరు, మీరు పోయి ఆమె, ఆమె పోయి వాళ్ళు. ఎవరి వంతూ లేదు. అన్నీ ఆమె మంచాలే, అందరూ ఆమె మనుషులే.

"జ్వరం తగ్గలేదు!" డాక్టరమ్మ ఉన్నట్టుండి ఫ్రెంచిలో అడ్డు తగిలింది. "బాబుకి ఒళ్ళు కాలిపోతోంది. నేను ఇంకో ఆపరేషన్లో ఉన్నాను. అప్పుడు?"

"అప్పుడు మీరు చేతులు కడుక్కుని వచ్చేలోపు," సిస్టరు తడుముకోకుండా అదే భాషలో అందుకుంది, "తడిగుడ్డ వేసేసి ఉంటాను, రక్తం పరీక్షకి తీసేసి ఉంటాను, పెద్ద డాక్టర్ని లేపేసి ఉంటాను. ఆయన నన్ను తిట్టేసి కూడా ఉంటారు."

డాక్టరమ్మకి నవ్వు ఆగలేదు. పెన్ను బల్ల మీద పడేసి పకపకా నవ్వింది. "తిడతారు. నిజంగానే తిడతారు ఆయన!"

ఆ తర్వాత కాగితం మీద ఏదో రాసి, ముద్ర కొట్టి, చెయ్యి చాపింది. "ఓడ గురువారం బయల్దేరుతుంది. బుధవారం సాయంత్రానికల్లా ఎక్కేసి ఉండాలి మీరు."

సిస్టరు తలుపు తీసేసరికి ముగ్గురూ మెట్ల మొదట్లో నిలబడి ఉన్నారు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు. ఆమె ముద్ర పడిన కాగితం ఎత్తి చూపించింది.

డ్రైవరు వేసిన కేకకి కింది అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. కూతురు అమ్మని చుట్టేసింది.

"ఎప్పుడు?" అన్నాడు మొగుడు, ఊపిరి తీసుకుని.

"గురువారమండీ."

"ఈ గురువారమే?" ఆయన మొహంలో సంతోషం అలాగే ఉంది గానీ, దాని వెనక ఇంకేదో వచ్చి నిలబడింది.

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకున్నారు. రైలింగు పట్టుకుని అప్పుడే మెట్లు దిగడం మొదలెట్టారు.

"ఎక్కడికత్తయ్యా?"

"బజారుకి. పెట్టె కొనాలి కదా." ఆవిడ వెనక్కి తిరగలేదు. "చక్రాలున్నదే కొందాం. అక్కడ నీ బరువుకి చెయ్యి వెయ్యడానికి మేముండం మరి."