నలుగురు నర్సులు

నెలలు నిండిన సంధ్యను ఆటోలోంచి కిందికి దింపనియ్యలేదు.

"దింపకుండ్రి, దింపకుండ్రి. డాక్టరమ్మ లేదు, మత్తు డాక్టరు లేడు. నల్లగొండకు తీస్కపోండ్రి" అని నాగేందర్ మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపాడు. అతను వైద్యుడు కాడు. దవాఖాన ఊడ్చే ఆడవాళ్లను సరఫరా చేసే కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజరు. కానీ ఆ పొద్దున కాన్పుల వార్డు గుమ్మంలో అంతకన్నా పెద్దవాళ్లు ఎవరూ లేరు.

సంధ్య భర్త సాయిలు రైసుమిల్లులో హమాలీ. బస్తాలు మోసే ఆ చేతులు రెండూ జోడించాడు. "అన్నా, జర ఎవలనన్న చూడుమనుండ్రి. ఒక్క నర్సమ్మనన్న పిలువుండ్రి."

"ఉంటే పిలువనా? ఫికర్ జెయ్యకు, గంటల పోతవ్."

బకెట్టు పట్టుకుని వరండాలో నిలబడిపోయిన జానమ్మ అంతా చూసింది. ఆటో అంచున వేలాడుతున్న సంధ్య పాదం ఉబ్బిపోయి, మెట్టె వేలిలోకి దిగబడి ఉంది. ఆటో కదిలింది. గంటన్నర తర్వాత అదే ఆటో తిరిగొచ్చింది. సగం దారిలోనే సంధ్య ప్రాణం పోయింది. బిడ్డ బయటికి రానేలేదు. ఆటో కడుక్కోవడానికి డ్రైవరు దవాఖాన నల్లా దగ్గరికే వచ్చాడు. కడిగే పని జానమ్మది. కడిగింది.

హాలియా ఊరి అవతల, సాగర్ కాలువ పక్కన కట్టిన ఆ దవాఖానను జనం కాలువకట్ట దవాఖాన అంటారు. యాభై పడకలు, రంగు వేసిన గోడలు, లోపలికి పోతే తాళాలు వేసిన గదులు. ఆ చావు జరిగిన నాలుగో రోజు నాగేందర్ వార్డులోకి ఒక మూట తెచ్చి బల్ల మీద విప్పాడు. తెల్లకోట్లు.

"శుక్రవారం అసెంబ్లీ కమిటీ వస్తాంది. సర్కారు దవాఖానల్ల డాక్టర్లు, నర్సులు ఉన్నరా లేరా చూస్తరు. జానమ్మ, రామమ్మ, నర్సింగమ్మ, కోమల, మీరు నలుగురు. పోయినసారి లెక్కనే."

పోయినసారి అంటే రెండేళ్ల కింద. అప్పుడూ ఈ కోట్లే తొడిగి నలుగురినీ కాన్పుల వార్డులో వరుసగా నిలబెట్టారు. పర్మనెంట్ చేయిస్తానని నాగేందర్ మాటిచ్చాడు. వాళ్లు అద్దంలో చూసుకుని నవ్వుకున్నారు కూడా. ఆ ఫోటోను జానమ్మ కొడుకు డానియల్ చాలా రోజులు ఫోన్ తెర మీద పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఊడ్చే మనిషిని ఒక పూట అందరూ మర్యాదగా చూస్తే ఎవరికి చేదు? అందులో పాపమేదైనా ఉందని జానమ్మకు ఆనాడు తోచలేదు.

మరుసటి మధ్యాహ్నం నర్సింగమ్మ ఇంట్లో మామిడికాయలు కొడుతున్నారు. తొక్కు పెట్టుకునే రోజుల్లో పదిమంది ఆడవాళ్లు కత్తిపీటలు తెచ్చుకుని ఒకచోట కూర్చుంటే ఏ సూపర్‌వైజరూ అనుమానించడు. దవాఖాన ఊడ్చే పదకొండు మందీ వచ్చారు. రామమ్మ కూడా వచ్చింది. ఆమె రావడం జానమ్మకు నచ్చలేదు. రామమ్మ నాగేందర్‌కు సొంత మేనత్త.

నర్సింగమ్మ మనుమరాలు నిహారిక నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఫోన్లో పోయినసారి కమిటీ ఇచ్చిన రిపోర్టు వెతికి తీసింది. "అవ్వా, ఇనుండ్రి" అంటూ చదివింది.

"ప్రసూతి విభాగంలో నలుగురు స్టాఫ్ నర్సులు విధుల్లో ఉండటాన్ని కమిటీ స్వయంగా చూసింది. సిబ్బంది తగినంతగా ఉన్నందున అదనపు నియామకాలు అవసరం లేదని అభిప్రాయపడింది."

కత్తిపీటల చప్పుడు ఆగింది.

"ఏ నలుగురు?" అంది కోమల. అందరిలోకీ చిన్నది ఆమే.

జానమ్మ మనసులోనే లెక్క పెట్టుకుంది. తాను, రామమ్మ, నర్సింగమ్మ, కోమల. రావలసిన నర్సులు రాకపోవడానికి వాళ్ల నాలుగు మొహాలే కారణం. చేతిలో మామిడి చెక్క జిగురుగా అంటుకుంటే కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"సంధ్యను మనమే పంపినమన్నట్టు" అంది.

"మనమేంది పంపుడు? తొడుగుమన్నరు, తొడిగినం" అని నర్సింగమ్మ కోపానికొచ్చింది. "కమిటోళ్లేమన్న గుడ్డోళ్లా? చేతులు చూస్తే తెల్వదా, ఫినాయిలు తిన్న చేతులు నర్సమ్మకు ఉంటయా? కార్లల్ల వస్తరు, కోడికూర తింటరు, పోతరు. ఆళ్లు ఆళ్లు ఒక్కటే."

"అందుకే ఈసారి తొడుగొద్దు" అంది జానమ్మ. "ఉన్నదున్నట్టు చెప్దాం. ఆళ్లు రాసినంక మనకు చదివి చూపియ్యాలె. అప్పటిదాక గేటు తియ్యొద్దు."

"పనిల నుంచి తీసేస్తరక్కా. నాకు ఇద్దరు పిల్లలు" అంది కోమల.

"నీకు మూడో కాన్పు రాదా? ఏ ఆటోల పోతవ్?"

వాదన చాలాసేపు నడిచింది. సాయిలుతో మాట్లాడి మిల్లు హమాలీలను పిలవాలన్నారు ఒకరు, ఓపీ వరుసలో నిలబడే జనానికీ చెప్పాలన్నారు ఇంకొకరు. చివరికి పదకొండు మందీ సరేనన్నారు.

"మరి ఈ ముచ్చట నాగేందర్‌కు తెలిస్తే?" అని ఎవరో అన్నారు. చూపులన్నీ రామమ్మ మీదికి పోయాయి.

రామమ్మ కాయను రెండుగా చీల్చి టెంక గీకి పారేసింది. "చూసుడెందుకు, నోరు తెరిచి అడుగుండ్రి. అన్న కొడుకైతే ఏంది? పనిల జేరి ఏడేండ్లాయె, వాని ముందట కుర్చీల గూసున్ననా నేను?"

జానమ్మ నమ్మలేదు.

గురువారం పొద్దున్నే నాగేందర్ జానమ్మ వాకిట్లో బండి ఆపాడు.

"తొక్కు మంచిగ పెట్టిండ్రంట గదా."

జానమ్మ పొయ్యి మీద అన్నం పొంగుతున్నా లేవలేదు.

"రేపు నువ్వు రాకు జానమ్మా. ఇంటికాడ్నే ఉండు. జీతం కోత పెట్టను. వచ్చినవనుకో, మల్ల ఎన్నడు రాకుంట చేస్త."

బండి పోయాక ఆమె రామమ్మను నోటికొచ్చినట్టు తిట్టుకుంది. మళ్లీ ఆలోచించింది. నర్సింగమ్మ అంత కోపంగా ఎందుకు మాట్లాడింది? ఆ పిల్ల నిహారిక ఫోన్లో ఎవరితో మాట్లాడుతుందో ఎవరికి తెలుసు? పదకొండు మందిలో పదిమందీ ఆ రోజంతా ఆమె కళ్లకు దొంగల్లాగే కనపడ్డారు. నలుగురు కలవకుండా చేయడానికి నాగేందర్‌కు ఆ ఒక్క మాట చాలింది.

శుక్రవారం ఆమె యూనిఫారం చీర కట్టలేదు. మామూలు నేత చీర కట్టుకుని గేటు బయటి ఓపీ వరుసలో నిలబడింది. కిటికీ వెనక చీటీలు రాసే లింగస్వామి తలెత్తి చూసి నవ్వాపుకున్నాడు.

"ఏం రోగం జానమ్మా?"

"నోట్లె మాట ఇర్కింది. రెండేండ్లాయె."

లింగస్వామి చీటీ రాసిచ్చాడు. గేటు దగ్గర కావలి మనిషికి అది చూపించి లోపలికి నడిచింది.

కాన్పుల వార్డు గుమ్మంలో ఆమె ఆగింది. లోపల నర్సింగమ్మ, కోమల, రామమ్మ తెల్లకోట్లు వేసుకుని గోడ వారగా నిలబడి ఉన్నారు. నాలుగో కోటులో ఎవరో కొత్త అమ్మాయి. జానమ్మ రామమ్మ కళ్లలోకి చూసింది. రామమ్మ చూపు తిప్పుకుంది.

అప్పుడే కమిటీ వచ్చింది. ముందు చైర్మన్, పక్కన సూపరింటెండెంటు, వెనక ఫైళ్లు మోసే గుమాస్తాలు, అందరికీ వెనక నాగేందర్. రోగుల వెంట వచ్చినవాళ్లు, ఓపీ వరుసలోని జనం కిటికీల దగ్గర మూగారు. వాళ్లలో సాయిలు, అతని వెంట హమాలీలు.

"స్టాఫ్ బాగానే ఉన్నారే" అన్నాడు చైర్మన్. రామమ్మను అడిగాడు. "ఎన్నేళ్ల సర్వీసమ్మా?"

రామమ్మ గుండీలు విప్పింది. ఒక్కటొక్కటే విప్పి, కోటు తీసి మంచం మీద పెట్టింది. లోపల ఊడ్చేవాళ్ల నీలం చీర.

"నర్సును గాను సారూ. నేను పాయఖానలు కడుగుత. పోయినసారి గూడ నన్నే నర్సని రాసిండ్రు."

నాగేందర్ ముందుకు తోసుకొచ్చాడు. "అత్తా!"

"అత్తనే. పక్కకు జరుగు."

నర్సింగమ్మ కోటు తీసింది. కోమల గుమ్మంలో జానమ్మను చూసి ఏడుపందుకుంది. "నేనే చెప్పినక్కా. ఇంటికొచ్చి బెదిరిచ్చిండు, భయానికి చెప్పిన." చెబుతూనే కోటు లాగేసింది.

జానమ్మ ఆమెను కోప్పడలేదు. పోయి పక్కన నిలబడింది. రామమ్మ వైపు చూడడానికి సిగ్గేసింది.

"మరి నువ్వమ్మా?" అని చైర్మన్ కొత్త అమ్మాయిని అడిగాడు.

"నేను బట్టల దుకాణంల జేస్త సార్. ఒక్క పూటకని తోల్కొచ్చిండ్రు."

కిటికీల దగ్గర జనం భళ్లున నవ్వారు. సాయిలు నవ్వలేదు.

సూపరింటెండెంటు ఏదో చెప్పబోయాడు. చైర్మన్ చెయ్యెత్తి ఆపాడు. "విచారిస్తాం. రిపోర్టులో పెడతాం" అంటూ కారు దగ్గరికి నడిచాడు. గేటు మూసి ఉంది. గేటుకు అడ్డంగా హమాలీలు, ఓపీ చీటీలు పట్టుకున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు.

"రాసి పోవాలె సారూ" అంది జానమ్మ.

"రిపోర్టు హైదరాబాదులో రాస్తామమ్మా."

"పోయినసారి గూడ ఆడనే రాసిండ్రు. నలుగురు నర్సులైనం."

ఎండ ముదిరింది. చైర్మన్ ఫోన్లలో మాట్లాడాడు, చెమట తుడుచుకున్నాడు. చివరికి కారు బానెట్ మీద కాగితం పెట్టి నాలుగు ముక్కలు రాశాడు. జానమ్మ దాన్ని జనంలోంచి ముందుకొచ్చిన నిహారిక చేతికిచ్చింది.

"సిబ్బంది కొరత ఉన్నట్లు కొందరు ఫిర్యాదు చేశారు" అని చదివింది నిహారిక.

"ఫిర్యాదేంది? నీ కండ్లతోని చూసినవ్ గదా" అంది రామమ్మ. "చూసిన అని రాయి."

కొట్టేసి మళ్లీ రాశాడు. కాన్పుల వార్డులో ఒక్క నర్సు కూడా లేదు, ఇతరులకు కోట్లు తొడిగి చూపించారు, కమిటీ స్వయంగా చూసింది.

"దాని కింద సంధ్య పేరు రాయి" అంది జానమ్మ.

"వ్యక్తుల పేర్లు రిపోర్టులో ఉండవు. పద్ధతి కాదు." చైర్మన్ పెన్ను మూత పెట్టాడు.

బయట పోలీసు జీపు ఆగింది. చిన్న గేటులోంచి వచ్చిన ఎస్సైకి నాగేందర్ వేలు పెట్టి చూపించాడు. జానమ్మను, రామమ్మను పోలీసులు రెక్క పట్టి జీపెక్కించారు. జీపులో ఇద్దరూ ఒకే సీటు మీద కూర్చున్నారు. రామమ్మ జరిగి చోటిచ్చింది. గేటు లోపలి నుంచి కోమల లేచొచ్చి, చిన్న గేటులోంచి బయటికి వెళ్లి జీపు ముందు కూర్చుంది. ఆమె వెనక నర్సింగమ్మ. వాళ్ల వెనక ఓపీ వరుస మొత్తం కదిలింది. కారు ముందు కొందరు, జీపు ముందు కొందరు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి, కొంగు సర్దుకుని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. రోడ్డంతా చూశాడు. పెన్ను మూత తీశాడు.

"ఇంటిపేరుతోటి రాయుండ్రి సారూ" అన్నాడు సాయిలు.