తుడవని అద్దం

తార్నాక దగ్గరి యూనివర్సిటీలో కాశమ్మది ఊడ్చి తుడిచే పని. రోజూ ఆరింటికల్లా లాలాపేట్ నుంచి వచ్చేది. ఆమె ఊడ్చే కొత్త భవనానికి ముందువైపంతా అద్దాలే. వారానికి ఒకటో రెండో చచ్చిన పిట్టలు ఆ అద్దాల కింద చీపురుకు తగిలేవి. వాటిని చెత్తలో వేయడానికి మనసొప్పక కానుగచెట్టు కింద గుంత తీసి పూడ్చేది.

ఒకరోజు, పైఅంతస్తులో కంటిచూపు మీద పరిశోధన చేసే జ్యోతిర్మయి అది చూసి ఆగింది. ఆమెది కడప.

"ఏం చేస్తాండావక్కా?"

"పిట్టలమ్మా. గీ అద్దాలకు గుద్దుకొని సస్తున్నయి. వీటికి కండ్లు కనవడవా ఏంది?"

"మనకంటే బాగా కనపడతాయి. మనం చూడలేని రంగులు కూడా చూస్తాయి. కానీ కళ్లు తలకు చెరోపక్క ఉంటాయి కదా, ఎదురుగా ఉండేది అంత బాగా తెలీదు. పైగా అద్దంలో చెట్టు కనపడితే నిజం చెట్టే అనుకుంటాయి."

కాశమ్మ అద్దం ముందు నిలబడి చూసింది. కానుగచెట్టూ మబ్బులూ అన్నీ అందులో ఉన్నాయి. "ఔ, నిజమే," అంది ఆశ్చర్యంగా.

పిట్టలు భయపడి దూరంగా పోతాయని మర్నాడు జ్యోతిర్మయి నల్లకాగితంతో డేగబొమ్మ కత్తిరించి అద్దానికి అంటించింది. రెండు రోజులకే ఆ డేగకు మూరెడు దూరంలో ఒక పికిలిపిట్ట కొట్టుకుని పడింది. జ్యోతిర్మయి ముఖం చిన్నబోయింది.

"ఒక్క మాట చెప్తా," అంది కాశమ్మ. "గా మూలకున్న అద్దానికి ఒక్కటి గూడ తగలలే. గాడికి నిచ్చెన అందది, నేను తుడ్వ."

జ్యోతిర్మయి గబగబా వెళ్లి చూసింది. అద్దం నిండా దుమ్ము, వానచినుకుల మరకలు. మరకల మధ్య ఎక్కడా రెండంగుళాల సందు లేదు.

"అక్కా, బొమ్మ ఒకటుంటే దాని పక్కనుంచి దూరిపోదామనుకుంటాయి. బయటివైపు అద్దమంతా దగ్గరదగ్గరగా చుక్కలు పెట్టాల!"

"చుక్కలా? గదేం పెద్ద పని? ఎన్ని ముగ్గులెయ్యలే!"

తెల్లరంగు తెచ్చి మొదలుపెట్టగానే, భవనం చూసుకునే శివకుమార్ పరుగున వచ్చాడు. "ఏంది కాశమ్మా, కొత్త బిల్డింగ్‌ను ఖరాబ్ చేస్తున్నరు?"

"ఒక్క నెల ఆగుండ్రి సార్. సగం అద్దాలకే పెడ్తం, సగం అట్లనే ఉంచుతం. ఏ దిక్కు ఎన్ని పడ్తయో మీరే చూడుండ్రి."

జ్యోతిర్మయి ఆమెవైపు తెల్లబోయి చూసింది. తాను చెప్పవలసిన మాట అది.

నెల తిరిగేసరికి చుక్కలు లేని వైపు ఆరు పిట్టలు పడ్డాయి. చుక్కల వైపు ఒకటే. మిగతా సగానికి రంగు శివకుమారే తెప్పించాడు. జ్యోతిర్మయి సంతోషం పట్టలేకపోయింది. కాశమ్మ మాత్రం ఆ ఒక్క పిట్టను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉంది.

"గిదెందుకు సచ్చింది?"

"తెలీదక్కా."

"పొద్దుగాల ఎండ అద్దం మీద వడ్డప్పుడు చుక్కలు నాకే కనవడ్తలేవు. రేపు జల్దీ రా, గాడ నిలవడి చూద్దాం."

మర్నాడు తెల్లవారుజామునే మల్కాజ్‌గిరిలోని తన గది నుంచి జ్యోతిర్మయి మొదటి బస్సు పట్టుకుంది.