నీలికి చెప్పని మాట

బొగ్గు బాయిలో నడుస్తున్నాను, కాని కాళ్ల కింద బొగ్గు లేదు, మా అక్క ఇంటి ఎర్రటి గచ్చు ఉంది, పైన కప్పు మాత్రం బొగ్గుదే, అది చిటుక్కు చిటుక్కుమంటోంది, మూల తిరిగేసరికి మా అక్క మొగుడు ఓదెలు బావ పీట మీద కూర్చొని నా సద్ది డబ్బాలో అన్నం తింటున్నాడు. బావ చచ్చిపోయి ఎనిమిది రోజులు. నాకు గుర్తుంది, ఆయనకు గుర్తుందో లేదో తెలియక ఎట్లా పలకరించాలా అని మూలకే ఆగిపోతాను.

"నీ పెండ్లాం ఇయ్యాల గూడ ఉప్పు మరిచింది, బామ్మర్ది."

"పోయినకాడ గూడ వంకలు పెట్టుడేనా బావా" అంటాను. మంచి మాట నాకు ఎన్నడూ ముందు రాదు.

నవ్వుతాడు. పండ్ల సందుల్లో బొగ్గు. "నీలికి చెప్పినవా?"

నీలి బాయి పనిలో బావకు జంట. ఆకాశంలో ఇంకో చుక్క మీది నుంచి తెచ్చిన మెకం, ఆరు కాళ్లు, కండ్లు లేవు, కప్పు పగలకముందే ఆ పగులు దానికి వినబడుతుంది. మనం మాట్లాడేదంతా అర్థమవుతుంది, తను మాత్రం ముంగాలితో నేలను ఒకసారి కొడితే ఔ, రెండుసార్లు కొడితే కాదు, వద్దు. రోజూ బాయిలోంచి పైకి రాగానే బావ బెల్లం ముక్క పెట్టి "ఎక్కినం, తిను" అనేవాడు. ఆ మాట వినకుండా అది ఏదీ ముట్టదు, పన్నెండేండ్లుగా అంతే. ఆఫీసోళ్లకు అది పనిముట్టు. తినని మెకం పనికిరాదని ఎల్లుండి తీసుకపోయి సూది వేసి చంపుతారట.

"చెప్పిన."

"ఏమని?"

గచ్చు కదులుతోంది, ఇప్పుడు మేం షిఫ్టు బస్సులో ఉన్నాం, కిటికీ అవతల రోడ్డు లేదు, నల్లటి గోడ పరుగెత్తుతోంది, పైన ఎక్కడో నీలి ముంగాలి చప్పుడు, రెండుసార్లు, ఆగి మళ్లీ రెండుసార్లు. "డ్యూటీల ఉన్నడు, వస్తడని చెప్పిన."

"అందుకే అది నీ గడపల పండి, తలకాయ బాయి దిక్కు పెట్టింది. అది అట్ల చెవి పెట్టి వింటుంటే నేనెట్ల పండుకుంటరా? పక్క మర్లనిస్తలేదు."

"నువ్వే చెప్పరాదు మరి."

"నేను ఎక్కలే గదా, పిచ్చోడా. ఎక్కినోడే చెప్పాలె." అన్నం ముద్ద చేస్తూ అంటాడు, "నువ్వెందుకు చెప్తలేవో నాకెరుకే."

బావ పోయిన రోజు బాయిలో నీలి రెండుసార్లు కొట్టింది, ముగ్గురం వెనక్కి ఉరికాం. సగం దూరం వచ్చాక సద్ది డబ్బా మరిచానని అన్నాను. ఊకున్నా అయిపోయేది. అక్క కొనిచ్చిన డబ్బా అది. "మీ అక్క తిట్లు ఎవలు పడ్తరు, దీన్ని తోలుకొని ఎక్కు" అని బావ నీలి మెడతాడు నా చేతికిచ్చి లోపలికి మర్లాడు. పైకి వచ్చేదాకా అది రెండేసిసార్లు కొడుతూనే ఉంది, నేను గుంజుతూనే ఉన్నాను, వెనక కప్పు కూలింది.

"డబ్బా సంగతి గూడ చెప్పాలె బావా. చెప్తే అది నన్ను దగ్గరికి రానియ్యదు. నువ్వూ పోతివి, అదీ పోతే బాయిల నాకెవరున్నరు?"

"తిండి లేక సస్తే మాత్రం ఉంటదా? ముందు నాకు చెప్పు, నోరు అలవాటైతది."

కప్పు గట్టిగా చిట్లుతోంది, అది బస్సుదో ఇంటిదో తెలియడం లేదు, బావ తింటూనే ఉన్నాడు, డబ్బా ఖాళీ కావడం లేదు, ఆయన ముఖం మాత్రం పొడిపొడిగా రాలి అన్నంలో పడుతోంది, ఒక చెంప పోయింది, ముక్కు పోతోంది, చెవులు పోకముందే చెప్పాలని నాలుక తిప్పుతుంటే నోట్లో బొగ్గు, ఉమ్ముతున్నాను, మళ్లీ నిండుతోంది.

"ఓదెలు బావ ఎక్కలే" అంటాను. "నా డబ్బా కోసం మర్లి సచ్చిపోయిండు. ఊకున్నా అయిపోతుండె, నేనే అన్న. నేను ఎక్కిన."

నా అరుపుకు నాకే మెలకువ వస్తుంది. మధ్యాహ్నం. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మంచం, పైన రేకులు ఎండకు చిటుక్కుమంటున్నాయి. గడపలో నీలి. ఎనిమిది రోజులుగా బాయి దిక్కున్న దాని తలకాయ ఇప్పుడు నా దిక్కు తిరిగి ఉంది.

ముంగాలు లేపి నేలను కొడుతుంది. ఒకసారి.